కొండలెక్కిన మిత్రుణ్ణి ఎలా తలచుకోవాలి
(మల్లి మస్తాన్ బాబు స్మారకోపన్యాస పాఠం)

స్మారకోపన్యాసమంటే పోయిన మనిషి గుణగణాలు చెప్పి, పటానికి దండ వేసి, నాలుగు మంచి మాటలతో ముగించడం మనకు అలవాటు. మస్తాన్ బాబుకు ఆ మర్యాద ఇప్పటికే చాలాసార్లు జరిగింది. జరగవలసిందే, అందులో లోటు చేయకూడదు. ఈ రోజు మాత్రం దాన్ని ఆనుకునే ఉన్న ఇంకో ప్రశ్న మీ ముందు పెడతాను. సాహసాన్నే బతుకుగా చేసుకుని, ఆ సాహసంలోనే ప్రాణం విడిచిన స్నేహితుణ్ణి ఎలా తలచుకోవాలి? నా సమాధానం ఇది: అతను ఏం చేశాడో ఎంత శ్రద్ధగా చెబుతామో, ఎలా చేశాడో, చివరికి ఎలా పోయాడో కూడా అంతే శ్రద్ధగా చెప్పాలి. ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేస్తే, పోయినవాడికి అన్యాయం చేసినట్టవుతుంది. అతన్ని చూసి బయల్దేరే పిల్లవాడికి అంతకన్నా పెద్ద అన్యాయం చేసినట్టవుతుంది.

ముందు ఆయన చేసిన పని. నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీజనసంగం అనే ఊళ్లో 1974లో పుట్టిన మనిషి. కోరుకొండ సైనిక్ స్కూలు, జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీ, మధ్యలో సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం, ఆ తరవాత కలకత్తా ఐఐఎం. ఈ వరస వినగానే మన ఇళ్లలో పెద్దవాళ్ల ముఖాలు వెలుగుతాయి, కుర్రాడు స్థిరపడ్డాడు అనుకుంటారు. ఆయన స్థిరపడలేదు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. జనవరి 19 గురువారం అంటార్కిటికాలో విన్సన్ మాసిఫ్. ఫిబ్రవరి 17 శుక్రవారం దక్షిణ అమెరికాలో అకాంకాగువా. మార్చి 15 బుధవారం ఆఫ్రికాలో కిలిమంజారో. ఏప్రిల్ 1 శనివారం ఆస్ట్రేలియాలో కోసియుస్కో. మే 21 ఆదివారం ఎవరెస్ట్. జూన్ 13 మంగళవారం ఐరోపాలో ఎల్‌బ్రస్. జూలై 10 సోమవారం ఉత్తర అమెరికాలో డెనాలి. ఏడు కొండలు, ఏడు వేర్వేరు వారాలు. పత్రికలన్నీ ఈ ముచ్చటను రాశాయి. ఆ తేదీలను పక్కపక్కన పెట్టుకుని కాస్త నిదానంగా చూస్తే మాత్రం ముచ్చట వెనక ఉన్న పనితనం కనిపిస్తుంది.

విన్సన్‌కు దారి చిలీ దక్షిణ కొసనున్న పుంతా అరెనాస్ నుంచి. అక్కణ్ణించి విమానం వెళ్లి గట్టిపడ్డ నీలి మంచు మీద దిగాలి, గాలి ఒప్పుకోకపోతే రోజుల తరబడి ఎదురుచూడాలి. అక్కడి వేసవి జనవరితో దాదాపు అయిపోతుంది. అకాంకాగువాకు కూడా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే అదను. ఎవరెస్ట్ మీద గాలులు తగ్గి, ఋతుపవనాలు ఇంకా రాని ఆ కొద్దిరోజులు మే నెలలో వస్తాయి, ఆ రోజులు దాటితే ఏడాది పోయినట్టే. డెనాలికి జూలై పది అంటే చివరి గడువు. ఎండకు హిమానీనదం మీద మంచు వంతెనలు మెత్తబడి, కింద దాగున్న పగుళ్లు నోళ్లు తెరుస్తుంటాయి. అక్కడ కూలీలు ఉండరు, సామానంతా వీపు మీదా స్లెడ్జి మీదా సొంతంగా లాక్కెళ్లాలి. ఒక శిఖరం మీద తుఫాను వారం రోజులు కదలనివ్వకపోతే తరవాతి శిఖరం కాలం దాటిపోతుంది. అనుమతులు, వీసాలు, విమానాలు, డబ్బు, ఎత్తుకు శరీరం అలవాటుపడటం, కోలుకోవడం, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్న పట్టీ అది. ఎవరెస్ట్ దిగి ఇరవైమూడో రోజున ఎల్‌బ్రస్ మీద నిలబడాలంటే కండబలం ఒక్కటే చాలదు. ఇంజినీరింగు, మేనేజ్‌మెంటు చదువులు వృథా అయ్యాయని ఎవరైనా బాధపడితే, ఈ ఏడు తేదీలనూ చూపించాలి. ఆ చదువులు ఎక్కడికీ పోలేదు, కొండ మీద పనికొచ్చాయి.

అయితే ఆ 172 అన్న అంకె ఎంతకాలం నిలిచింది? మరుసటి ఏడాది 2007లోనే ఐర్లండ్‌కు చెందిన ఇయన్ మెకీవర్ 156 రోజుల్లో పూర్తిచేశాడు. తరవాత ఇంకొందరు దాన్ని తగ్గించుకుంటూ వచ్చారు. 2018లో ఆస్ట్రేలియావాడు స్టీవ్ ప్లెయిన్ 117 రోజులకు దించాడు. రికార్డు స్వభావమే అంత. మన వర్ధంతి సభల్లో మాత్రం ఆ అంకె ఇప్పటికీ శాసనంలా వినిపిస్తుంది. అంకె మీదే మనిషిని నిలబెడితే, అంకె పడిపోయిన రోజున మనిషి కూడా చిన్నబోతాడు. మస్తాన్ బాబుకు ఆ అవసరం లేదు. మొదటి విన్సన్ నుంచి చివరి డెనాలి దాకా ఆయన వేసుకున్న పట్టీ, ఆ క్రమం, ఆ ఓర్పు ఎవరూ చెరపలేనివి. రేపు ఇంకెవరో వంద రోజుల్లో ఎక్కినా, ఒక తెలుగు కుర్రాడు 2006లో ఆ లెక్క ఎలా వేశాడన్నది తెలుసుకోదగ్గ సంగతిగానే ఉంటుంది. మెకీవర్ పేరు చెప్పాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. 2013 జనవరిలో, తాను ఎన్నోసార్లు ఎక్కిన కిలిమంజారో మీదే పిడుగు పడి ఆయన చనిపోయాడు. రికార్డులు రాసిన పట్టికల్లో ఈ సంగతులుండవు.

ఇక నా వాదనకు గుండెకాయలాంటి సాక్ష్యం దగ్గరికి వస్తాను. అది కోరుకొండలోనే ఉంది. 1985 అక్టోబరులో భారత సైన్యం ఎవరెస్ట్‌కు పంపిన జట్టులో ఐదుగురు అధికారులు చనిపోయారు. ఒకరు జారిపడ్డారు, మిగిలినవాళ్లను సౌత్ కోల్ దగ్గర తుఫాను బలిగొంది. వాళ్లలో లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు కోరుకొండ సైనిక్ స్కూలు పూర్వ విద్యార్థి. స్కూలు ఆయన విగ్రహం పెట్టుకుంది. దాదాపు ఆ రోజుల్లోనే ఆ స్కూల్లో అడుగుపెట్టిన మస్తాన్ బాబుకు కొండల మీద మనసు పుట్టించింది ఆ విగ్రహమే, ఆ కథే. అంటే ఏమిటి? ఒక మిత్రుడి జ్ఞాపకం రాయిగా నిలబడితే, ఆ రాయి ముందు నుంచి రోజూ క్లాసుకు నడిచిన పిల్లవాడు ఇరవై ఏళ్ల తరవాత ఎవరెస్ట్ ఎక్కాడు. ముప్ఫై ఏళ్ల తరవాత ఆండీస్‌లో చనిపోయాడు. సాహసి జ్ఞాపకం గతానికి సంబంధించిన వ్యవహారం అనుకుంటే పొరపాటు. అది ముందుకు పనిచేస్తుంది. ఎవరో ఒకరి కాళ్లను కదిలిస్తుంది. కాబట్టి దాని కింద మనం ఏం రాస్తున్నామో బాధ్యతగా చూసుకోవాలి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది, అది తేలికైనది కాదు. అలాంటప్పుడు విగ్రహాలు పెట్టడం ఎందుకు, సభలు జరపడం ఎందుకు, ఒక చావు ఇంకో చావుకు దారి చూపిస్తోంది కదా అంటారు. కన్నతల్లులు ఈ మాట అంటే జవాబు చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పాలి. ఎత్తయిన చోటికి వెళ్లాలన్న కోరిక విగ్రహం లేకపోయినా పుడుతుంది. టీవీ, సినిమా, ఫోను దాన్ని ఎలాగూ పుట్టిస్తున్నాయి. మనం మౌనంగా ఉంటే కోరిక ఆగదు, దానికి అందవలసిన జ్ఞానం మాత్రం ఆగిపోతుంది. కోరికకు శిక్షణ తోడైతే ఏమవుతుందో 2014 మే 25న చూశాం. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. వాళ్లు మొదట తాడు పట్టుకుంది భువనగిరి రాతికొండ మీద. ఆ తరవాత పెద్ద కొండల మీద, చలిలో, క్రమంగా తయారయ్యారు. పూర్ణ 2022లో డెనాలితో ఏడు శిఖరాలూ పూర్తిచేసింది, క్షేమంగా ఇంటికి వచ్చింది. ఆ వయసు పిల్లల్ని అంత ఎత్తుకు పంపవచ్చునా అన్నది వేరే చర్చ, నాకూ అందులో సందేహాలున్నాయి. కానీ ఉత్సాహాన్ని అణిచిపెట్టడం కన్నా దానికి గురువును, తాడును, లెక్కను అందించడమే ప్రాణాలు కాపాడుతుందనడానికి ఆ ఇద్దరు పిల్లలు కళ్ల ముందున్న రుజువు.

ఇప్పుడు కష్టమైన భాగం. మస్తాన్ బాబు ఎలా పోయాడు? అర్జెంటీనా, చిలీ సరిహద్దులో, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన అగ్నిపర్వతం ఓహోస్ దెల్ సలాదోకు పొరుగున, త్రెస్ క్రుసెస్ అనే పర్వతముంది. దాని దక్షిణ శిఖరం ఎత్తు 6,748 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సగానికన్నా తక్కువ. చుట్టూ ఎడారి పీఠభూమి, ఎటు చూసినా ఎండిన నేల, ఈదురుగాలి. మార్చి నెలాఖరు అంటే అక్కడ వేసవి అయిపోయి శరత్తు మొదలైన రోజులు. 2015 మార్చి 24 నుంచి ఆయన ఆచూకీ తెలియలేదు. పైకి వెళ్లింది ఒంటరిగా. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ కొండకు పడమటి వైపున ఉన్న చిలీ అటకామా ప్రాంతం మీద ఎన్నో దశాబ్దాలుగా ఎరగని వాన పడింది. భూమ్మీద అత్యంత పొడి నేలల్లో ఒకటైన చోట వరదలొచ్చి కోపియాపో, చన్యరాల్ పట్టణాలు బురదలో కూరుకుపోయాయి, పదుల మంది ప్రాణాలు పోయాయి. కింద వానగా పడింది పైన మంచుగా, ఉధృతమైన గాలిగా ఉంటుంది. రెండు దేశాల వైపు నుంచీ గాలించారు, వాతావరణం పదే పదే అడ్డుపడింది. ఏప్రిల్ మొదటివారంలో ఆయన దేహం కనిపించింది. కిందికి దించడానికి మరికొన్ని రోజులు పట్టింది. ఏప్రిల్ 25న స్వగ్రామంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఇప్పుడు చెప్పినవన్నీ బహిరంగంగా తెలిసిన సంగతులే. అయినా మన సంస్మరణ ప్రసంగాల్లో ఇవి వినిపించవు. హిమశిఖరం ఒడిలో ఒరిగిపోయాడు అంటాం, ప్రకృతిలో లీనమయ్యాడు అంటాం. ఆ మాటలు దుఃఖంలో ఉన్నవాళ్లకు ఊరటనిస్తాయి, కాదనను. కానీ వాటిని వినే పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఏం అందుతుంది? ఋతువు చివర వెళితే వాతావరణం ఎలా మారుతుందో అందదు. తోడు లేకపోతే చిన్న ఇబ్బంది ఎలా పెద్దదవుతుందో, కబురు ఆగిపోతే వెదకడం ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో అందదు. ఎంత అనుభవం ఉన్నవాణ్నయినా ఒక్క తుఫాను మింగేయగలదన్న సంగతి అందదు. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మస్తాన్ బాబు ఆండీస్‌కు కొత్తవాడు కాదు, ఆ కొండల్లో ఎంతో తిరిగినవాడు. అనుభవజ్ఞుడు పోయాడంటే అజాగ్రత్త వల్లే పోయాడని నేను అనడం లేదు, అలా అనే హక్కు కింద కుర్చీలో కూర్చున్నవాళ్లకు లేదు. ఒంటరిగా ఎక్కడం ఒక పద్ధతి, దానికి గొప్ప పరంపరే ఉంది. ఆ పద్ధతి తీసుకునే సుంకం ఏమిటో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి అంటున్నాను.

చనిపోయినవాళ్ల తప్పొప్పులు తవ్వడం మర్యాద కాదు, అది స్నేహధర్మం కాదు అన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబుగా కొండల చరిత్రలో అందరూ గౌరవించే ఒక స్నేహాన్ని తీసుకుంటాను. 1953లో డాక్టర్ చార్లెస్ హూస్టన్ నాయకత్వంలో అమెరికన్ జట్టు కే2 మీదికి వెళ్లింది. 7,700 మీటర్ల పైన, తుఫానులో చిక్కుకుని ఉండగా ఆర్ట్ గిల్కీ అనే యువ భూగర్భ శాస్త్రజ్ఞుడి కాలి నరాల్లో నెత్తురు గడ్డకట్టింది. అంత ఎత్తున నడవలేని మనిషిని దించడం అసాధ్యమని జట్టులో డాక్టరైన హూస్టన్‌కు తెలుసు. అయినా ఎవరూ అతన్ని వదలలేదు. డేరా గుడ్డలో, నిద్రసంచిలో చుట్టి తాళ్లతో దించడం మొదలుపెట్టారు. ఒకరు జారితే తాళ్లు చిక్కుపడి ఐదుగురు జారారు. అందరి బరువునూ పీట్ షోనింగ్ ఒక్కడే మంచు గొడ్డలి ఆధారంతో ఆపాడు. ఆ కలకలం తరవాత, వాలు మీద కట్టి ఉంచిన గిల్కీ కనిపించలేదు, మంచు అతన్ని లాగేసుకుంది. కిందికి వచ్చిన స్నేహితులు ఆ పర్వతం అడుగున రాళ్లు పేర్చి గుర్తు కట్టారు. తరవాత కే2 మీద పోయినవాళ్లందరి పేర్లూ అక్కడికే చేరాయి, చాలా పేర్లు తిండి పళ్లాల మీద మేకుతో పొడిచి రాసినవి. ఆ మిత్రులు అంతటితో ఆగలేదు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు గుర్తించారు, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, ఎక్కడ జారారు, అంతా పుస్తకంగా రాశారు. హూస్టన్ ఆ తరవాతి జీవితంలో ఎక్కువ భాగం ఎత్తు ప్రదేశపు వైద్యానికే ఇచ్చాడు. అప్పటిదాకా న్యుమోనియాగానో గుండె జబ్బుగానో పొరబడుతూ వచ్చిన ఒక స్థితిని, ఎత్తు వల్లే ఊపిరితిత్తుల్లో నీరు చేరడమని, 1960లో వైద్య పత్రికలో రాసి లోకం దృష్టికి తెచ్చినవాడు ఆయనే. తరవాత మన సైన్యపు డాక్టర్లు హిమాలయ సరిహద్దుల్లో వందల మంది జవాన్లను పరీక్షించి ఆ జ్ఞానాన్ని ఎంతో పెంచారు. ఇవాళ ఏ గైడయినా ఎత్తు మీద దగ్గుతో ఆయాసపడే మనిషిని చూడగానే కిందికి దించెయ్యండి అంటున్నాడంటే, అది మరణాలను దాచకుండా రాసుకున్నందువల్ల వచ్చిన తెలివి. గిల్కీకి జరిగింది వివరంగా రాసినందుకు అతని గౌరవం ఇసుమంత తగ్గిందా? ఆ పేరు ఇవాళ్టికీ నిలిచి ఉండడానికి కారణం ఆ రాతే.

ఇవన్నీ పాశ్చాత్యుల అలవాట్లు, అమెరికన్ ఆల్పైన్ క్లబ్బు 1948 నుంచి ఏటా ప్రమాదాల నివేదిక అచ్చువేస్తుందేమో గానీ మన సంస్కృతి వేరు అంటారా? తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా మనం చెప్పుకునే పుస్తకం వెనక ఉన్నది ఇలాంటి స్నేహమే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరాడు. రైళ్లు లేవు, చాలాచోట్ల రోడ్లే లేవు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ, గయ చేరి, కలకత్తా నుంచి తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరులో మద్రాసు తిరిగి వచ్చాడు. దారి పొడవునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఉత్తరాలు రాశాడు. 1836లో వీరాస్వామయ్య చనిపోయాడు. శ్రీనివాసపిళ్లె ఏం చేశాడు? రెండేళ్లకల్లా, 1838లో, ఆ యాత్రాచరిత్రను అచ్చువేయించాడు. అందులో ఏముంది? ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరం, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ సరుకు ఎక్కడ దొరకదు, ఏ నదిని ఎలా దాటాలి, ఎక్కడ సుంకాలు వసూలు చేస్తారు, ఏ ఊళ్లో ఏ జబ్బు ఉంది, ఎవరి పాలనలో ప్రయాణం భద్రం. భక్తి ఉంది, వేదాంతమూ ఉంది, దాంతోపాటు వెనక వచ్చేవాడికి అక్కరకొచ్చే సమాచారం అడుగడుగునా ఉంది. ఆ మిత్రుడు వీరాస్వామయ్యను పొగుడుతూ శతకం రాయించి ఊరుకుని ఉంటే, ఆ శతకం ఇవాళ ఎవరికి కావాలి? పోయినవాడి దారిని పోగొట్టకుండా కాపాడాడు కాబట్టే, 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దాన్ని మళ్లీ పరిష్కరించి ప్రచురించగలిగారు, మనం ఇవాళ్టికీ చదువుతున్నాం. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక తెలుగు మిత్రుడు ఇంత బాగా చేసిన పనిని మన సంస్కృతి కాదని ఎలా అంటాం?

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిగా వినిపించేది. ఇంత చదువు చదివి కొండలెక్కడమెందుకు, దేశానికి ఏం లాభం, ఇంట్లోవాళ్ల గతి ఏమిటి, వెదకడానికి ప్రభుత్వాల ఖర్చు ఎందుకు అని. ఇంట్లోవాళ్ల దుఃఖం గురించి వాదించను, దానికి జవాబు లేదు. మిగతావాటికి ఉంది. లాభమన్న కొలతతో చూస్తే, కోరుకొండ విగ్రహం ఒక పిల్లవాణ్ని లేపింది. సంగం మండలపు పల్లె నుంచి ఏడు ఖండాలకు దారి ఉందని ఈ పిల్లవాడు లక్షలమందికి చూపించాడు. ఇంగ్లిషు మీడియం నగరాల్లో పుట్టనివాళ్లకు ఈ ఆటలు కావన్న నమ్మకాన్ని ఆయన ఒంటిచేత్తో పడగొట్టాడు. అది లెక్కకు అందే లాభం కాదు గాని, నిజమైన లాభమే. ఇక వెదికే ఖర్చు సంగతి. సముద్రంలో చిక్కుకున్న జాలరిని వెదకొద్దని ఎవరం అనం. ఆపదలో ఉన్న మనిషిని వెదకడం నాగరికతకు కనీస మర్యాద. ఆ మర్యాదను సాహసికి తగ్గించనక్కరలేదు. సాహసులు కూడా తమ వంతుగా బీమా, కబురు పంపే పరికరాలు, తిరిగొచ్చే గడువు ఎవరికైనా చెప్పి వెళ్లడం వంటివి తప్పనిసరి చేసుకోవాలి. ఈ రెండో మాట చెప్పకుండా మొదటి మాట చెబితే అది సగం న్యాయం.

స్నేహం దుఃఖాన్ని పనిగా మార్చుకున్న ఉదాహరణ ఇంకొకటి చెప్పి నా ప్రతిపాదనకు వస్తాను. 1999 అక్టోబరులో శిషపాంగ్మా కింద హిమపాతంలో అమెరికన్ పర్వతారోహకుడు అలెక్స్ లో, ఛాయాగ్రాహకుడు డేవిడ్ బ్రిడ్జెస్ చనిపోయారు. పక్కనే ఉన్న కాన్రాడ్ యాంకర్ బతికి బయటపడ్డాడు. అలెక్స్ భార్యా, యాంకరూ కలిసి అలెక్స్ పేరిట నెలకొల్పిన సంస్థ ఎవరెస్ట్ ప్రాంతంలోని ఫోర్త్సే గ్రామంలో ఒక శిక్షణ కేంద్రం మొదలుపెట్టింది. అక్కడ నేర్చుకునేది విదేశీ యాత్రికులు కారు. ఏటా వాళ్ల మూటలు మోసే, వాళ్ల కోసం తాళ్లు కట్టే షెర్పాలూ ఇతర నేపాలీ శ్రామికులూ. ముడులు, రక్షణ పద్ధతులు, ప్రథమచికిత్స, పని చేసే చోట అవసరమైన ఇంగ్లిషు, అన్నీ చలికాలంలో, పని లేని రోజుల్లో నేర్పుతారు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచు కూలి ఒక్క పూటలో పదహారుగురు నేపాలీ శ్రామికులు పోయారు. ఆ కొండ మీద ఎవరి ప్రాణం ఎంత సులభంగా పోతోందో లోకానికి ఆ రోజు తెలిసింది. ఫోర్త్సేలో పని అంతకు పదేళ్ల ముందే మొదలైంది. స్నేహితుడి పేరు మీద కట్టే కట్టడాల్లో నాకు తెలిసినంతలో ఇంతకన్నా ఉత్తమమైనది లేదు. అందులో అలెక్స్ ఎన్ని శిఖరాలు ఎక్కాడన్న లెక్క కన్నా, అలెక్స్‌కు తెలిసిన ముడి రేపు ఇంకొకరి ప్రాణం నిలబెట్టాలన్న తపన ఉంది.

మస్తాన్ బాబు మిత్రులకు ఆ శక్తి లేదని ఎవరూ అనలేరు. 2015 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆయన స్కూలు స్నేహితులు, కాలేజీ స్నేహితులు ఏకమై, ఎక్కడో భూగోళం అవతలి వైపున్న కొండ మీద వెదకడానికి ప్రభుత్వాలను కదిలించారు. చందాలు పోగేశారు, రాత్రింబవళ్లు ఫోన్ల మీద కూర్చున్నారు, దేహం ఇంటికి చేరేదాకా వదల్లేదు. అంత పని చేసిన స్నేహం ఏడాదికొక సభతో ఆగిపోవడం నాకు కష్టంగా ఉంది.

కాబట్టి ఇక్కడున్న పెద్దలకు నా మనవి. ఆయన పేరిట పెట్టే ప్రతి ఫలకం మీదా 172 రోజులతోపాటు ఆ ఏడు తేదీలనూ రాయండి, చివరి తేదీని కూడా రాయండి, కింద ఏ కొండ, ఎంత ఎత్తు, ఏ ఋతువు, ఎలాంటి వాతావరణం అన్నదీ రాయండి. కోరుకొండలో, నెల్లూరులో, భువనగిరిలో ఆయన పేరుతో తాడు పని, వాతావరణం చదవడం, ఎత్తు జబ్బు గుర్తించడం, ప్రథమచికిత్స నేర్పే శిబిరాలు పెట్టండి. వాటికి ఉపాధ్యాయుల్నీ అటవీ ఉద్యోగుల్నీ కూడా పిలవండి. అన్నిటికన్నా ముందు, ఆయనతో తాడు పంచుకున్నవాళ్లు, ఆయన ఉత్తరాలూ మెయిళ్లూ దాచుకున్నవాళ్లు, 2006 పట్టీ ఎలా తయారైందో ఎరిగినవాళ్లు, ఆ మార్చిలో వెదుకులాటలో పాల్గొన్నవాళ్లు ఈ సభలో ఉన్నారు. మీకు తెలిసింది రాయండి. రాయలేనివాళ్లు ఎవరికైనా చెప్పి రాయించండి. తేదీలూ పేర్లూ మరుపున పడకముందే అది పుస్తకంగా రావాలి, తెలుగులోనే రావాలి. అందులో త్రెస్ క్రుసెస్ అధ్యాయాన్ని ఏదీ దాచకుండా, అన్నిటికన్నా వివరంగా రాయండి.